రస్ట్ ప్రోగ్రామింగ్‌లో కొన్ని ఫైల్సే డిలీట్ చేయాలి: రీడ్‌డిర్, గ్లాబ్, వాక్‌డిర్... ఏది మేలు?

లాగ్స్ ఫోల్డర్ ఒకటుంది, అందులో 30 రోజులు దాటిన లాగ్ ఫైల్సే పోవాలి, ఆర్కైవ్ అనే సబ్‌ఫోల్డర్ జోలికి మాత్రం అస్సలు పోకూడదు అనుకోండి. ఈ పనికి రిమూవ్-డిర్-ఆల్ పనికిరాదు, అది ఫోల్డర్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది (ఎక్కడైనా 1.58.1 కంటే పాత రస్ట్ ఇంకా వాడుతుంటే మార్చేయండి, 2022 జనవరిలో ఆ ఫంక్షన్‌లో సింలింక్‌లకి, అంటే వేరే ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపే లింక్‌లకి, సంబంధించిన సెక్యూరిటీ బగ్ సరిచేసింది ఆ వెర్షన్‌లోనే).

స్టాండర్డ్ లైబ్రరీలోని రీడ్‌డిర్‌కి బయటి క్రేట్ (రస్ట్ లైబ్రరీ ప్యాకేజీ) ఏదీ అక్కర్లేదు, ఒకే ఫోల్డర్ అయితే అదే చాలు. కానీ అది సబ్‌ఫోల్డర్లలోకి దిగదు, రికర్షన్ మనమే రాసుకోవాలి.

గ్లాబ్ అనే క్రేట్ చూడ్డానికి భలే ఉంటుంది, ఒక్క ప్యాటర్న్ ఇస్తే లోపలున్నవన్నీ వెతికి తెస్తుంది. అయితే "ఇది తప్ప" అని ప్యాటర్న్‌లో చెప్పే వీల్లేదు, ఆర్కైవ్‌లోవి కూడా లిస్టులోకి వచ్చేస్తాయి, మనమే ఏరి పక్కనపెట్టాలి. పైగా షెల్‌లోలా కాదు, డిఫాల్ట్‌గా స్టార్ గుర్తు చుక్కతో మొదలయ్యే హిడెన్ ఫైల్స్‌ని కూడా పట్టేస్తుంది, డిలీట్ చేసే కోడ్‌లో ఇది నిజంగా భయపడాల్సిన విషయం.

నా ఓటు వాక్‌డిర్ క్రేట్‌కే, సబ్‌ఫోల్డర్లన్నీ అదే తిరిగి చూస్తుంది. ఫిల్టర్-ఎంట్రీలో ఆర్కైవ్‌కి ఫాల్స్ ఇస్తే ఆ ఫోల్డర్ గడప కూడా తొక్కదు, మామూలు ఫిల్టర్ పెడితే మాత్రం ఆ ఫోల్డర్ పేరొక్కటే వదిలేసి లోపలికి దిగిపోతుంది, ఈ రెండిటి తేడా తెలీకపోతే ఉంచాల్సినవే పోతాయి. సింలింక్‌లని కూడా డిఫాల్ట్‌గా ఫాలో అవ్వదు. ఖాళీ అయిన ఫోల్డర్లు కూడా తీసేయాలంటే కంటెంట్స్-ఫస్ట్ ఆన్ చేస్తే లోపలివి ముందు వచ్చి ఫోల్డర్ తర్వాత వస్తుంది, కానీ అప్పుడు ఫిల్టర్-ఎంట్రీ ఆర్కైవ్ లోపలికి దిగకుండా ఆపలేదు, కాబట్టి ఈ రెండూ కలిపి వాడకండి, ఖాళీ ఫోల్డర్ల పని విడిగా చేసి అందులో ఆర్కైవ్ పాత్‌లని మీరే వదిలేయండి. ఒక్కటి చూసుకోండి, చాలామంది ఎర్రర్స్‌ని ఫిల్టర్-మ్యాప్‌లో ఓకే పెట్టి మింగేస్తారు, అలా చేస్తే పర్మిషన్ లేని ఫోల్డర్ మిస్సయినా మనకి తెలీదు, డిస్క్ మాత్రం నిండుతూనే ఉంటుంది, అందుకే ఎర్రర్ వస్తే ప్రింట్ చేయండి.

ఏది వాడినా ఎక్స్‌టెన్షన్ చుక్క లేకుండా వస్తుంది, జీజిప్ చేసిన లాగ్‌కి చివరిదైన జీజెడ్ ఒక్కటే వస్తుంది. ఫైల్ టైమ్ భవిష్యత్తులో ఉంటే, ఎంత సమయం గడిచిందో చెప్పే ఎలాప్స్‌డ్ ఎర్రర్ ఇస్తుంది, అలాంటి ఫైల్‌ని ఉంచేయడమే సేఫ్. దొరికిన పాత్‌లన్నీ ముందు ఒక వెక్టర్‌లో (లిస్టులో) పోగేసి ప్రింట్ చేసి చూసుకుని, ఆ తర్వాతే రిమూవ్-ఫైల్ పిలవండి. యూజర్ల సొంత ఫైల్స్ తీసేసే డెస్క్‌టాప్ యాప్ అయితే రిమూవ్-ఫైల్ బదులు ట్రాష్ క్రేట్ వాడండి, రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి కాబట్టి వాళ్ళు వెనక్కి తెచ్చుకోవచ్చు.