నడుం బెల్టుతో రెండున్నరేళ్లు

తిరుపతిలో జాకెట్లు కుట్టడం నా వృత్తి. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తామని డాక్టరు చెప్పేనాటికి, నా నడుం నొప్పికి రెండో ఏడు నడుస్తోంది. ఈ బెల్టు కొన్నది అప్పుడే, 750 రూపాయలకు.

మొదటి తప్పు నాదే. ఊరందరి కొలతలూ తీసే నేను, నా కొలత లంగా బొందు కట్టే చోట తీసుకున్నాను. బొడ్డు మీదుగా తీయాలట. వచ్చింది వదులైతే మార్చుకున్నాను.

బెల్టు నొప్పిని తగ్గించదు. వంగబోతే వెనక ఉన్న పట్టీలు అడ్డుపడతాయి, అంతే. కానీ నలభై నిమిషాలకే మిషను దగ్గర నుంచి లేచే నేను గంటన్నర కూర్చోగలిగాను. పెళ్లిళ్ల రోజుల్లో ఆశపడి పొద్దుటి నుంచి రాత్రి దాకా కట్టుకుని కుట్టాను. ఆ అప్పు రాత్రిళ్లు వడ్డీతో సహా వసూలైంది. ఎప్పుడూ కట్టుకుంటే కండరాలు ఆసరాకు అలవాటుపడతాయని ఫిజియోథెరపిస్టు మందలించారు. ఇప్పుడు ఉదయం రెండు గంటలే.

అసలు మేలు చేసినవి ఇటుకలు. కటింగ్ బల్ల కాళ్ల కింద రెండేసి పెట్టాక వంగడం సగం తగ్గింది. న్యాయానికి ఈ సమీక్ష వాటి మీద రాయాలి.

మే నెలలో బెల్టు నరకం. లోపల నూలు బనియను లేకపోతే చెమటకాయలే. అంటుకునే పట్టీలో దారపు ముక్కలు ఇరుక్కుంటాయి. నా దుకాణంలో వాటికి కొదవా? సూదితో ఏరేదాన్ని. ఎనిమిదో నెలకు పట్టు వదిలితే లైనింగు గుడ్డ కొనే చోటే మీటరు పట్టీ కొని కుట్టుకున్నాను. కొత్తదానికంటే గట్టిగా ఉంది.

చీర మీద కట్టుకుంటే అందరికీ కనిపిస్తుంది. అంతకుముందు నొప్పి అంటే నమ్మనివాళ్లు ‘అయ్యో’ అన్నారు. ఆ వెంటనే ‘అక్కా, శుక్రవారానికి ఇవ్వగలవా?’ అని అడిగారు. ఇద్దరు గుడ్డలు వెనక్కి తీసుకెళ్లారు. అప్పటి నుంచి చుడీదారు వేసుకుని దాని లోపల కట్టుకుంటున్నాను.

మగ్గం పని నేర్చుకోవాలన్న కోరికకు ఇది అక్కరకు రాలేదు. నేల మీద కూర్చుంటే పై అంచు పక్కటెముకల కింద పొడుస్తుంది. సగం నెమలి కుట్టిన చట్రం గోడకు ఆనించి ఉంది.

మొక్కు అలిపిరి దారికి, 3,550 మెట్లు. ధైర్యం చాలక ఈ జనవరిలో శ్రీవారి మెట్టు ఎక్కాను, 2,388. ఊపిరి ఆడనివ్వకపోతే వందో మెట్టు దగ్గరే బెల్టు విప్పి సంచిలో వేశాను. నాలుగు గంటలు పట్టింది. తర్వాత రెండు రోజులు దుకాణం తెరవలేదు. ఆరు జాకెట్లు ఆలస్యమయ్యాయి. అడిగినవాళ్లకు కరెంటు లేదని చెప్పాను.