పులుసు కవర్లో, ముక్కలు డబ్బాలో: పార్శిల్ డబ్బాలు కొనేవాళ్లు జాగ్రత్త

నెల్లూరులో ఇంటి నుంచే కర్రీలు అమ్మేవాళ్లకీ, కొత్తగా పెడదామనుకునేవాళ్లకీ చెప్తున్నా. స్టోన్‌హౌస్‌పేట నుంచి స్కూటర్ మీద శాంపిల్ డబ్బాలు పట్టుకొచ్చి "మీరు ఎండలో రావద్దక్కా, సరుకు నేనే ఇంటికి దించిపోతా" అంటాడే, ఆయన గురించే. ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పేరు రాయను, రాస్తే మళ్లీ అదొక పంచాయితీ.

మాది వేదాయపాళెం. మొదలుపెట్టి రెండు నెలలైంది, ఆదివారం చేపల పులుసు, మామూలు రోజుల్లో పప్పు, వేపుడు, రసం. ఫుడ్ లైసెన్సు తీయిస్తానని ఒకాయన నాలుగు వేలు అడిగితే, చిన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే కదా అని నేనే ఫోస్కోస్ అనే ప్రభుత్వ సైట్లో కూర్చుని చేసుకున్నా. అప్పుడు అంత తెలివి చూపించినదాన్ని డబ్బాల దగ్గర మాత్రం బిల్లు కూడా అడగలేదు.

శాంపిల్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. పొయ్యి మీద నుంచి దించిన రసం అందులో పోసి, మూత పెట్టి, తలకిందులు చేసి మరీ చూశా, చుక్క కారలేదు. సరేనని అర లీటరువి వెయ్యి చెప్పా, ఒక్కోటి ఏడున్నర, మొత్తం 7,500. ఫోన్‌పే వాళ్ల తమ్ముడి నంబరుకి చెయ్యమన్నాడు, చేశా. పైన ప్లాస్టిక్ చెంచాల కట్ట ఒకటి ఫ్రీగా ఇచ్చాడు మహానుభావుడు. 2022 జూలై నుంచి నిషేధంలో ఉన్న సరుకుని దానం చేశాడన్నమాట. అప్పుడైనా అనుమానం రావాల్సింది నాకు.

మొన్న ఆదివారం పద్నాలుగు ఆర్డర్లు. కొరమేను, మామిడికాయ ముక్కలేసి పొద్దున్నే నాలుగింటికి లేచి పెట్టిన పులుసు. పదకొండున్నరకి మా ఆయన బండి మీద మాగుంట లేఅవుట్ బయల్దేరాడు, పన్నెండింటికల్లా మొదటి ఫోన్. చెన్నై నుంచి కూతురు వచ్చిందని ఆర్డరిచ్చిన పెద్దాయన, కోపంగా కూడా కాదు, నింపాదిగా అన్నాడు: "అమ్మా, ముక్కలు డబ్బాలోనే ఉన్నాయి, పులుసే కవర్లో ఉంది." ఆ తర్వాత ఇంకో నాలుగు ఫోన్లు. ఐదుగురికీ డబ్బులు వెనక్కి వేశా. మా ఆయన ప్యాంటు సంగతి వదిలేయండి.

అప్పుడు విప్పి చూశా అట్టపెట్టెని. పై రెండు వరసలు శాంపిల్ లాంటివే, మందంగా, అడుగున త్రికోణంలో 5 అని ఉంది. మూడో వరస నుంచి పల్చటివి, వేలితో నొక్కితే టక్కున చీలేవి, అడుగున 6. అయిదంటే వేడికి ఆగే పీపీ (పాలీప్రొపిలీన్) ప్లాస్టిక్ అనీ, ఆరంటే వేడి తగిలితే మెత్తబడే రకమనీ ఆ రాత్రి తెలుసుకున్నా. పులుసు పోసిన డబ్బా ఒకటి మిగిలుంటే చూశా, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, మూత ఒక పక్క పట్టుకుంటే ఇంకో పక్క లేస్తోంది. ఆదివారం దాకా నేను వాడినవన్నీ ఆ పై రెండు వరసలే. పొరపాటున కలిసిన సరుకు కాదిది, చేత్తో పేర్చింది.

సోమవారం ఆయన కొట్టు దగ్గరికి వెళ్లా. ఇంటికొచ్చినప్పుడు 'అక్కా', కొట్లో 'మేడం', రెండో నిమిషానికి 'ఏమ్మా' అయిపోయా. నలుగురు కస్టమర్ల ముందు నా డబ్బాని చేతిలో నలిపి చూపిస్తూ, "కాగే పులుసు పోస్తే వంగదా ఏంది? నెల్లూరు చేపల పులుసు మర్నాడు తింటేనే కదమ్మా రుచి, చల్లార్చి పంపు" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, ఆ డబ్బాల మీద కాదు, ఆ మాట మీద. మా అత్తమ్మ నేర్పిన పులుసుని పట్టుకుని నాకే పాఠం చెప్తున్నాడు, అదీ మోసం చేసి! పై వరసలు వేరే ఎందుకున్నాయని అడిగితే, "బిల్లు ఉందా? మా కొట్లోదే అని ఏంది గ్యారంటీ?" ఫోన్‌పే చూపించా. "అది మా తమ్ముడి నంబరు, వాడినే అడుగు" అని లోపలికి పోయాడు. ఇంటికొచ్చేసరికి వాట్సాప్‌లో బ్లాక్.

తప్పు నాదే. శాంపిల్‌ని పట్టి పట్టి చూసి, సరుకుని చూడని తెలివైనదాన్ని.

సరే, కొనేవాళ్లు అట్టపెట్టె అడుగు నుంచి నాలుగు డబ్బాలు లాగి నంబరు చూడండి, వాటిలోనే వేడి నీళ్లు పోయండి, బిల్లు చేతికొచ్చాకే డబ్బులు కొట్టు పేరు మీదే వేయండి. క్యారీ కవర్లు కూడా 120 మైక్రాన్ల మందానికి తక్కువైతే తీసుకోకండి, మునిసిపాలిటీ వాళ్లు ఫైన్ వేసేది మనకి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా, అయిదు లక్షల లోపు కేసుకి వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదంట, అవసరమైతే అదీ చూస్తా.

మిగిలిన ఆరొందల చిల్లర డబ్బాలు మెట్ల కింద ఉన్నాయి, నారు పోసుకోవడానికి ఎవరికైనా కావాలంటే ఊరికే తీసుకుపోండి. ఈ ఆదివారం పులుసు స్టీలు క్యారియర్లలో పంపిస్తున్నా, తిన్నాక కడక్కపోయినా పర్లేదు, క్యారియర్ మాత్రం వెనక్కి ఇవ్వండి, అవి మా అత్తమ్మవి.