ప్రెగ్నెన్సీ పిల్లో: తుంటి నొప్పికి మంచిదే, ఎండాకాలంలో మాత్రం ఉక్కపోత

28 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు కాళ్ల వైపు నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర మీద పడుతుంది కాబట్టి పక్కకే తిరిగి పడుకోమని డాక్టర్లు చెప్తారు. చెప్పడం తేలికే, రాత్రంతా ఒకే వైపు పడుకుంటే తుంటి ఎంత సలుపుతుందో పడేవాళ్లకే తెలుస్తుంది. అందుకే దాదాపు 2,000 రూపాయలు పెట్టి యూ ఆకారంలో ఉండే పెద్ద దిండు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

తుంటికి, నడుముకు నిజంగా పనిచేసింది. మోకాళ్ల మధ్య లావుగా ఉండటంతో పైకాలు కిందికి జారి నడుమును లాగదు, వీపు వెనక ఆనుకోవడానికి ఉంటుంది కాబట్టి నిద్రలో వెల్లకిలా తిరిగిపోతానేమో అన్న టెన్షన్ పోయింది. (ఎప్పుడైనా అలా మెలకువ వచ్చినా కంగారు పడక్కర్లేదు, మళ్లీ పక్కకు తిరిగితే చాలు.) అటు నుంచి ఇటు తిరిగినప్పుడు దిండు సర్దుకునే పని లేదు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక బాధలు. లోపలంతా పాలిస్టర్ ఫైబర్, పైన మఖమల్ లాంటి గలేబు, విజయవాడ మే నెలలో కరెంటు పోయిందంటే రెండు వైపులా ఒళ్లు తడిసిపోతుంది. దిండుకు పాత కాటన్ చీర చుట్టాక కాస్త నయం. గలేబుకి జిప్పు ఒక చివరే ఉంది, ఉతికాక మళ్లీ ఎక్కించాలంటే మా ఆయన ఒక కొస పట్టుకోవాలి, నేను లోపల చెయ్యి పెట్టి దిండును లాగాలి, ఆ నెలల్లో వంగి చేసే పని కాదది. మోకాళ్ల దగ్గర ఫైబర్ అప్పుడే అణిగిపోయి ఉండలు కట్టింది. మంచం సగానికి పైగా అదే ఆక్రమిస్తుంది, రాత్రిళ్లు బాత్రూమ్‌కి లేవాలంటే అందులోంచి బయటపడటం ఇంకో పని.

ఛాతీలో మంటకు, పిక్కలు పట్టేయడానికి మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు. మంటకు నాకు పనికొచ్చింది పెందలాడే తినడం, తల వైపు ఎత్తు పెట్టుకోవడం.

పొట్ట బరువు ఒక్కటే ఇబ్బందైతే ఇంత దిండు అనవసరం, ఇంట్లో ఉన్న బూరుగు దూది దిండు ఒకటి మోకాళ్ల మధ్య, పలచటిది ఒకటి పొట్ట కింద పెట్టుకుని చూడండి. తుంటి నొప్పితో నిద్ర పట్టనివాళ్లు కొనుక్కోవచ్చు, కాకపోతే కాటన్ గలేబు, పొడుగునా జిప్పు ఉన్నదే తీసుకోండి.