ఇన్వర్టర్‌కి ట్యూబులర్ బ్యాటరీయా, లిథియమా?

మార్చి దాటిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. "ఊళ్లో అమ్మానాన్నలకి ఇన్వర్టర్ పెట్టిద్దామనుకుంటున్నాం, ఏ బ్యాటరీ తీసుకోమంటారు?" అడిగేవాళ్లు ఉండేది హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో. కరెంటు పోయేది మాత్రం ఊళ్లో. నా దృష్టిలో జవాబు తేల్చేది ఈ దూరమే. కానీ ముందు షాపువాళ్లు చెప్పే లెక్క సంగతి చూద్దాం.

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ సామర్థ్యం) ట్యూబులర్, అంటే నీళ్లు పోసే సీసం బ్యాటరీ, పక్కన 100 ఏహెచ్ లిథియం పెడితే రెండోది చిన్నదనిపిస్తుంది. కాగితం మీద మొదటిది 1800 వాట్ అవర్లు, రెండోది 1280. అయితే ట్యూబులర్ మీద రాసిన 150 అనేది ఇరవై గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. నాలుగు గంటల్లో లాగేస్తే అంత రాదు. పైగా ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. లిథియాన్ని దాదాపు చివరిదాకా వాడుకోవచ్చు. ఇన్వర్టర్ తినేది పోను రెండూ ఇచ్చేది ఇంచుమించు ఒకటే. రెండు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఒక టీవీ నాలుగు గంటలు నడుస్తాయి. 75 వాట్ల ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారువి) పెడితే అదే బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది. పెద్ద బ్యాటరీ జోలికి పోకముందు ఈ పని చేయండి.

ఇక అసలు విషయం. ట్యూబులర్‌లో నీళ్లు ఎవరు పోస్తారు?

రెండు మూడు నెలలకోసారి మూతల మీది ఫ్లోట్లు (లోపల నీళ్లెంతున్నాయో చూపే పుల్లలు) చూడాలి. ఎర్ర గీత దాకా దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, పచ్చ గీత దగ్గర ఆపాలి. ఎక్కువైతే యాసిడ్ పొంగి గచ్చు పాడవుతుంది. చూస్తే చిన్న పనే. కానీ బ్యాటరీ ఉండేది మెట్ల కిందో, బీరువా వెనకో. మోకాళ్ల నొప్పులున్న మనిషి అక్కడ వంగి ఆరు ఫ్లోట్లు చూడడం జరిగే పని కాదు. "పోశావా నాన్నా?" అని ఫోన్లో అడిగితే "ఆ, పోశాంలే" అంటారు. కొందరు ఆర్వో నీళ్లు పోస్తారు, కొందరు ఏసీ నుంచి కారిన నీళ్లు పట్టి పోస్తారు. రెండూ తప్పే. ప్లేట్లు ఒకసారి ఎండాయంటే తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పోయిన శక్తి తిరిగి రాదు. పల్నాడు, రామగుండం లాంటి చోట్ల వేసవిలో నీళ్లు ఇంకా త్వరగా తగ్గుతాయి, వేడికి బ్యాటరీ ఆయుష్షూ పడిపోతుంది. వారంటీ కార్డు మీద అరవై నెలలని ఉన్నా, నీళ్లు ఎండిన బ్యాటరీ పట్టుకెళ్తే షాపులో వినే మాట వేరుగా ఉంటుంది.

లిథియంలో ఈ గొడవ లేదు. నీళ్లు, తుప్పు, యాసిడ్ వాసన ఏవీ ఉండవు, గోడకి బిగించొచ్చు. ఇంకో లాభం, త్వరగా ఎక్కుతుంది. పొద్దున లైన్‌మన్ లైన్ మీద పనికి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపి, సాయంత్రం ఈదురుగాలికి మళ్లీ కరెంటు పోతే, పది పన్నెండు గంటలు ఛార్జింగ్ కావాల్సిన ట్యూబులర్ ఆ రాత్రికి సగంతోనే దిగుతుంది. సరైన ఛార్జర్ ఉంటే లిథియం నాలుగైదు గంటల్లో నిండుతుంది.

లోపాలు లేవని కాదు. ధర ఎంత లేదన్నా రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. పాత సీసం బ్యాటరీ ఇస్తే కొత్తదాని మీద డబ్బు తగ్గిస్తారు, లిథియానికి ఆ మర్యాద ఇంకా లేదు. పాడైతే ఊళ్లో మెకానిక్ విప్పలేడు, సర్వీస్ సెంటర్‌కి పంపాల్సిందే. ఆగేటప్పుడు కూడా లోపలి సర్క్యూట్ టక్కున కట్ చేసేస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉంటే దానికి లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూడకుండా బ్యాటరీ ఒక్కటే మార్చకండి. కొనేటప్పుడు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమేనా అని అడగండి.

అందుకే ఇంట్లో ఓపికున్న మనిషి ఉంటే, కరెంటు అప్పుడప్పుడే పోతుంటే, ట్యూబులర్‌తో హాయిగా గడిచిపోతుంది, డబ్బు మిగులుతుంది. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇల్లయితే నేను లిథియమే పెట్టిస్తాను, బేరం కూడా ఆడను. ఏదైనా సరే, వాళ్లు ఆరు నెలలు మీ దగ్గరికి వచ్చేటప్పుడు మెయిన్ ఒక్కటే ఆపి రావద్దనండి. ఇన్వర్టర్ స్విచ్ ఆన్‌లో ఉంటే ఖాళీ ఇంట్లో బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది.

సోలార్ గురించీ అడుగుతున్నారు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, బిల్లు తగ్గించుకోవడానికి మంచిదే. కానీ మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైన్‌కి కలిపినది, కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితేనే బ్యాకప్.

జనరేటర్ చప్పుడు, పెట్రోలు ఖర్చు ఇంటికి దండగ. కోస్తావాళ్ల సంగతి వేరు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో, 2018లో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు ఏ బ్యాటరీ అయినా మొదటి రాత్రికే అయిపోతుంది. నలుగురు కలిసి చిన్న పెట్రోలు జనరేటర్ కొని పెట్టుకుంటే మోటారుకీ, ఫోన్లకీ పనికొస్తుంది. వరండాలో మాత్రం నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కిటికీలోంచి లోపలికి వస్తే నిద్రలో ఉన్నవాళ్లకి తెలియదు.