‘ప్రైమరీ స్లాట్’ అంటూ గేములు అమ్మే ఆ దిల్‌సుఖ్‌నగర్ అన్నతో జాగ్రత్త

రాత్రి పదకొండున్నరకి రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి. చెయ్యి ఇంకా వణుకుతోంది, చలికి కాదు.

పీఎస్5 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, టీవీకి పెట్టి గేములు ఆడే మెషిన్) గేములు ప్రైమరీ, సెకండరీ అని, అంటే తన అకౌంట్‌లోని గేమ్‌నే మన మెషిన్‌లో ఆడనిచ్చే రకాలుగా, సగం రేటుకి అమ్మే ఆ అన్న మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. గ్రూపుల్లో పొద్దున్నే లిస్టు పెడతాడు, చివర్లో రెండు దండాలు, ఒక పులి బొమ్మ. పేరు రాయను. పులి బొమ్మ చాలు.

నేను కొన్నది మెటఫర్ రీఫాంటజియో. 2024 అక్టోబర్‌లో వచ్చిన గేమ్, నేనే లేటు. పద్దెనిమిది వందలు ఇచ్చా. తొమ్మిదో రోజు గేమ్‌కి తాళం పడింది. విషయం ఇంతే, తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాది నా కడుపుమంట.

అసలు ఇదంతా డెమో పెట్టిన చిచ్చు. స్టోర్‌లో ఫ్రీగా ఉంది కదా, ఓ అరగంట చూద్దామని శుక్రవారం రాత్రి పెట్టా. లేచేసరికి కింద పాలప్యాకెట్ల బండి వచ్చింది. మొదట్లో పెద్దగా ఎక్కలేదు. బొమ్మల అంచులు రంపం పళ్లలా కనిపిస్తుంటే ‘పీఎస్5లో ఇదేం ఖర్మ’ అనుకున్నా. తర్వాత ఫైట్ మొదలైంది. వెనకాల ఒకాయన గుక్క తిప్పుకోకుండా మంత్రాలు చదువుతుంటాడు. చూస్తే అది ఎస్పెరాంటో భాషట, పాడింది నిజంగానే ఒక బౌద్ధ భిక్షువట. మా అమ్మ నిద్రలోంచి లేచొచ్చి “ఈ వేళప్పుడు పూజేంట్రా” అంది.

దారిలో తగిలే చిన్నాచితకా శత్రువుల్ని నడుస్తూనే కొట్టేయొచ్చు. పెద్దవాటిని మాత్రం ముందు ఓ దెబ్బేసి తల తిరిగేలా చేసి, అప్పుడు వంతులవారీ ఫైట్‌లోకి దిగాలి. బలహీనత చూసి కొడితే సగం వంతే ఖర్చు, గురి తప్పితే రెండు వంతులు గోవిందా. తెలివి తక్కువగా ఆడితే వెంటనే చెంప పగిలే ఆట. ఉత్తరాన కోటలో గుడ్డు ఆకారంలో ఒక భూతం వస్తుంది. ఇలాంటి భూతాల్ని ఆ లోకంలో ‘మనుషులు’ అంటారు. అప్పుడు నవ్వుకున్నా, ఇవాళ కరెక్టే అనిపిస్తోంది. దాని ముందు హీరో తన గుండెని గుంజి బయటికి తీసి, మైకులా పట్టుకుని అరుస్తాడు చూడండి, అక్కడ నేను పడిపోయా. పైగా డెమోలో ఆడినదంతా అసలు గేమ్‌లోకి వచ్చేస్తుంది. ఐదు గంటలు పోశాక ఎవడు వదులుతాడు? ఎర వేయడమంటే అదీ.

స్టోర్‌లో రేటు చూశా. నెలాఖరు. పులి బొమ్మ గుర్తొచ్చింది.

మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో జవాబు. “పాస్‌వర్డ్ చాట్‌లో ఇవ్వను అన్నా, ఇంటికొచ్చి నేనే సెట్ చేస్తా. టెన్షన్ తీసుకోకండి, లైఫ్‌టైమ్ గ్యారంటీ.” ఇంటికొచ్చి చేస్తాడంటే ఎంత నిజాయితీపరుడో అనుకున్నా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆదివారం పొద్దున యాక్టివా మీద నల్లకుంటలో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట వరసగా విడిచాడు. “ఆంటీ, బాగున్నారా” అన్నాడు, ఏదో చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిరిగినవాడిలా. ఎండలో వచ్చాడు పాపం అని అమ్మ పెసరట్టు వేసింది. రెండు తిన్నాడు. మూడోది వద్దు వద్దంటూనే అల్లం పచ్చడి మళ్లీ వేయించుకుని తిన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కొచ్చి కంట్రోలర్ పట్టుకుని, “అన్నా, పాస్‌వర్డ్ కొడుతున్నా, కొంచెం అటు తిరగండి” అన్నాడు. నా ఇంట్లో, నా టీవీ ముందు, నా కంట్రోలర్ వాడి చేతిలో పెట్టి, నేను గోడమీద క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డా. తిరుపతి వెంకన్న నన్ను చూసి నవ్వే ఉంటాడు.

వెళ్లేటప్పుడు అమ్మ గోంగూర పచ్చడి కూడా కట్టి ఇచ్చింది, స్టీలు డబ్బాలో. ఆ డబ్బా సంగతి తర్వాత చెప్తా.

వాడు చేసిన పని సింపుల్. వాడి అకౌంట్‌లో గేమ్ ఉంది. నా పీఎస్5లో ఆ అకౌంట్ వేసి, ‘కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే’ ఆన్ చేశాడు. దాంతో నా ప్రొఫైల్‌లో కూడా గేమ్ నడుస్తుంది. కానీ ఒక అకౌంట్‌కి ఒకేసారి ఒక్క పీఎస్5లోనే అది ఆన్‌లో ఉంటుంది. ఇంకో మెషిన్‌లో ఆన్ చేశారంటే మనది ఆఫ్. అంటే వాడు అమ్మింది గేమ్ కాదు, కుర్చీ. నన్ను లేపి ఇంకొకణ్ణి కూర్చోబెట్టడానికి వాడికి ఒక్క నిమిషం పని.

ఎనిమిది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మార్టిరా అనే ఊళ్లో పసిపిల్లల్ని ఎవరో ఎత్తుకుపోతుంటారు. ఆ దొంగెవడో తేలేలోపే, ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి టీవీ ఆన్ చేస్తే గేమ్ బొమ్మ మీద తాళం గుర్తు. వాడి అకౌంట్‌లోకి వెళ్దామంటే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది. నాకెక్కడ తెలుసు, నేను క్యాలెండర్ చూస్తున్నా కదా అప్పుడు.

ఫోన్ చేశా. ఎత్తలేదు. మెసేజ్ పెట్టా. నీలం టిక్కులు. గంట తర్వాత “సర్వర్ ఇష్యూ అన్నా, అందరికీ ఉంది, రెండ్రోజులు ఆగండి” అని వచ్చింది. నేనూ నమ్మేవాణ్ణే. మా బావమరిది పక్కనే ఉండి, “ఉండు బావా, నా నంబర్ నుంచి అడుగుదాం” అన్నాడు. స్పీకర్ పెట్టి చేశాం. మొదటి రింగుకే ఎత్తాడు! “మెటఫర్ ప్రైమరీ ఉందా అన్నా” అని వీడు అడిగితే, “ఒకటి పొద్దునే అయిపోయింది, ఇంకోటి ఖాళీ అయింది అన్నా, రెండు వేలు, రేపు ఇంటికొచ్చి సెట్ చేస్తా, లైఫ్‌టైమ్ గ్యారంటీ” అన్నాడు.

ఖాళీ అయిందట. అదెలా ఖాళీ అయిందో నాకు తెలుసు కదా.

ఫోన్ లాక్కుని నేనెవరో చెప్పా. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. ఎక్కడో ప్రెషర్ కుక్కర్ విజిల్ వినిపించింది. సారీ అంటాడేమో, మళ్లీ సర్వర్ అంటాడేమో అనుకున్నా. తాపీగా అన్నాడు: “డెమో ఆడి నచ్చాకే కొన్నావు కదా బ్రో. డెమో ఫ్రీయే. మళ్లీ అదే ఆడుకో.”

పెట్టేశాడు. రెండు నంబర్లూ బ్లాక్.

పద్దెనిమిది వందలు పోతే పోయాయి, పారడైజ్‌లో ఓ ఆదివారం బిర్యానీ అనుకుంటా. కానీ ఆ మాట! ‘అన్నా’, ‘మీరు’ అన్నవాడు ఒక్క ఫోన్ కాల్‌లో ‘బ్రో’, ‘నువ్వు’లోకి దిగిపోయాడు. పెసరట్లు అరిగిపోయినట్టున్నాయి. అప్పటినుంచి అమ్మ మూడుసార్లు అడిగింది, “ఆ అబ్బాయి మళ్లీ రాలేదేంరా” అని. ఏం చెప్పను?

సోనీకి చెబుదామంటే, అకౌంట్లు ఇలా అమ్మడం, కొనడం వాళ్ల రూల్స్‌కే విరుద్ధం. ఏమని చెప్తాం, ‘సార్, దొంగ తాళంచెవి పనిచేయట్లేదు’ అనా? అయినా రేపు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడతా. యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. ఇంకెవరైనా వాడి చేతిలో పడి ఉంటే మీరూ పెట్టండి, ఒక్కడిది చూస్తే చిన్న మొత్తంలా కొట్టిపారేస్తారు.

సలహా అంటే ఏముంది, పులి బొమ్మ కనిపిస్తే దాటేయండి. డిస్క్ డ్రైవ్ ఉన్నవాళ్లు సెకండ్ హ్యాండ్ అయినా డిస్కే కొనుక్కోండి, ఆడేశాక అమ్ముకోవచ్చు. లేదంటే సేల్ వచ్చేదాకా ఆగండి. నా సేవ్, అంటే నేను ఇప్పటిదాకా ఆడింది మాత్రం నా ప్రొఫైల్‌లోనే భద్రంగా ఉంది. ఎప్పుడో సొంతంగా కొన్నరోజున మార్టిరాలో ఆ దొంగని పట్టుకుంటా.

ఇక డబ్బా. గుండ్రటిది, అరకిలో పట్టేది, మూత మీద చిన్న సొట్ట, పక్కన అమ్మ పేరు చెక్కించి ఉంటుంది. ఆమె పెళ్లినాటిది. పచ్చడి అయిపోయాక ఇచ్చెయ్యి బాబూ అంటే, “తప్పకుండా ఆంటీ” అన్నాడు. మీలో ఎవరింటికైనా వాడు సెటప్‌కి వస్తే, గేమ్ సంగతి అలా ఉంచి, ముందు ఆ డబ్బా అడగండి.