ఆల్ప్స్ దారుల్లో అద్దె కారుతో మూడు సెప్టెంబర్లు

2022, 2023, 2025 సెప్టెంబరు నెలల్లో మావారూ నేనూ మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకొని, ఆస్ట్రియా, స్లొవేనియా, ఇటలీల మీదుగా తిరిగి, మళ్లీ మ్యూనిక్‌లోనే అప్పగించాము. మూడు ప్రయాణాలూ కలిపితే 41 రోజులు, 5,600 కిలోమీటర్ల పైచిలుకు. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తూ ఉండడంతో బయలుదేరడానికీ తిరిగి చేరడానికీ ఒక ఇల్లు ఉంది. మొదటిసారి వచ్చిన వెంటనే రాసి ఉంటే ఈ సమీక్ష నిండా పొగడ్తలే ఉండేవి. అవే దారుల్లో రెండోసారి, మూడోసారి వెళ్లాక కారు వల్ల మాత్రమే దక్కినవి ఏవో, కారు ఉండడం వల్ల చెడినవి ఏవో వేరుచేసి చెప్పగలుగుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొండల్లో కారుకు సాటి లేదు. పట్టణాల్లో అది బరువు. సరస్సుల దగ్గర మాత్రం ఏ ఒడ్డున, ఏ వేళకు ఉన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంటి దగ్గర చేసుకోవలసిన పని తక్కువే కానీ, అందులో మేము చేసిన పొరపాటు రెండు ప్రయాణాల మీద ప్రభావం చూపింది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖ కార్యాలయంలోనే ఇస్తారు, ఏడాది పాటు చెల్లుతుంది. మొదటి రెండుసార్లూ మావారు ఒక్కరే తీసుకున్నారు. హైదరాబాదులో నేను రోజూ కారు నడుపుతాను, అయినా ఎడమవైపు స్టీరింగు, కుడివైపు ప్రయాణం అనగానే వెనక్కి తగ్గాను. దాని ఫలితం మూడో ఏడు గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఇక డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు తప్పనిసరిగా నడిపేవారి పేరు మీదే ఉండాలని మా కౌంటర్లో అడిగారు. ఏయే దేశాలకు వెళ్తున్నామో కూడా అక్కడే చెప్పి ఒప్పందంలో రాయించుకోవాలి. కొంచెం ఎక్కువ చెల్లించి ఆటోమేటిక్ గేరు బండినే తీసుకోండి. కొత్త వైపు నడపడం అలవాటయ్యేదాకా కుడిచేతికి గేరు పని కూడా తోడైతే, మొదటి రెండు రోజులూ దృష్టి రోడ్డు మీద నిలవదు.

సాల్జ్‌బర్గ్ మ్యూనిక్‌కు రెండు గంటల లోపు దూరం. ఊరి అంచున కారు వదిలి బస్సులో లోపలికి వెళ్లాము. 1756లో మోత్సార్ట్ పుట్టిన ఇల్లు ఉన్న గెట్రైడెగాస్సె వీధి కాలినడకన తిరగవలసినది. ఈ ఊరికి రైలు కూడా చక్కగా ఉంది కనుక ఇక్కడ కారు గొప్పతనమేమీ లేదు. హాల్‌స్టాట్ విషయం ఇంకా స్పష్టం. ఏడువందల యాభై మంది కాపురముండే ఊరు అది, కొండకూ సరస్సుకూ నడుమ ఇరుక్కుని ఉంటుంది. 1997 నుంచి ప్రపంచ వారసత్వ ప్రాంతం. చూడవచ్చినవారి కార్లన్నీ ఊరి బయటి పార్కింగు దగ్గరే ఆగిపోతాయి. 2022లో పదకొండు గంటలకు చేరి, ఖాళీ కోసం ముప్పావు గంట ఎదురుచూశాము. 2025లో దగ్గరి ఊళ్లో బస చేసి ఉదయం ఏడున్నరకే వెళ్లాము. సరస్సు మీద మంచు తెర ఇంకా విడవలేదు, వీధిలో ఒకావిడ గడప కడుక్కుంటోంది. వేల ఏళ్ల నాటి ఉప్పుగని ఉన్న ఊరు ఎలా బతికిందో ఆ గంటలోనే కొంత తెలిసింది. పదింటికల్లా అక్కడినుంచి కదలడమే మంచిది.

కారుకు పెట్టిన డబ్బుకు నిజమైన విలువ కనబడేది గ్రాస్‌గ్లాక్నర్ కొండ రోడ్డు మీద. 1935లో తెరిచిన ఈ దారి 48 కిలోమీటర్లు, 36 మలుపులు. హోక్‌టోర్ కనుమ దగ్గర 2,504 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. టోల్ ఇప్పుడు నలభై యూరోలు దాటింది. 48 కిలోమీటర్లకు అంత రుసుమా అని మొదటిసారి మేమూ అనుకున్నాము. కానీ ఆ టికెట్టుతో రోజంతా అటూ ఇటూ తిరగవచ్చు, మేము ఉదయం ఎనిమిదికి ఎక్కి సాయంత్రం ఐదింటికి దిగాము. తిరుమల ఘాట్ రోడ్డు మీద నడిపిన వారికి ఈ మలుపులు భయపెట్టవు. రోడ్డు వెడల్పుగా, వాలు ఒకే తీరుగా ఉంటుంది. జాగ్రత్త అవసరమయ్యేది దిగేటప్పుడే. బ్రేకు మీద కాలు నొక్కి ఉంచకుండా చిన్న గేరులో పెట్టి, ఇంజను పట్టుతోనే దిగాలి. ఆటోమేటిక్ బండిలోనూ దానికి మాన్యువల్ పద్ధతి ఉంటుంది, దాన్ని బయలుదేరే ముందే నేర్చుకోవాలి. మొదటి ఏడు మేము నేర్చుకోలేదు. హైలిగెన్‌బ్లూట్ వైపు దిగేటప్పుడు బ్రేకుల నుంచి కమురు వాసన వస్తే అరగంట బండి పక్కన ఆపి చల్లారనిచ్చాము.

ఆ దారి నుంచి చీలిన ఒక కొమ్మ కైజర్ ఫ్రాంజ్ జోసెఫ్ హోహె అనే చోటికి తీసుకెళ్తుంది. అక్కడినుంచి 3,798 మీటర్ల గ్రాస్‌గ్లాక్నర్ శిఖరమూ, దాని కింద ఆస్ట్రియాలోకెల్లా పెద్దదైన పాస్టర్‌సె హిమానీనదమూ ఎదురుగా కనబడతాయి. 1963లో హిమానీనదం అంచుకు చేర్చడానికి, తాడుతో లాగే ఒక చిన్న పట్టాల రైలు కట్టారు. ఆ చోటి నుంచి ఇప్పుడు మంచు ఎంతో కిందకు, ఎంతో దూరానికి పోయింది. కాలినడకన దిగే దారిలో ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో బోర్డులు పెట్టారు. 2022లో దిగిన దారినే 2025లో మళ్లీ దిగాము. మూడేళ్లలోనే కంటికి తేడా తెలిసింది. ఒకసారి చూసినవారికి అది అందమైన దృశ్యం. రెండోసారి చూసినప్పుడు మాత్రం మేమిద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేకపోయాము.

స్లొవేనియాలోకి వెళ్లేముందు టోల్ స్టిక్కర్ల సంగతి చెప్పాలి. ఆస్ట్రియా మోటార్‌వేలకు విన్యెట్ తీసుకోవాలి. పది రోజులది 2025లో 12.40 యూరోలు. స్లొవేనియాలో అది పూర్తిగా ఆన్‌లైన్‌లోనే, బండి నంబరుకు ముడిపడి ఉంటుంది, అన్నిటికన్నా తక్కువ గడువుది వారం రోజులది. నంబరు ప్లేటులోని ఒక్క అక్షరం తప్పుగా కొట్టినా లేనట్టే లెక్క కనుక, కౌంటర్లో తాళం చేతికిచ్చాకే కొనండి, ముందు కొనకండి.

బ్లెడ్ సరస్సు ఫొటోల్లో కనబడినట్టే ఉంటుంది. దీవి మీది చర్చికి 99 మెట్లు, అక్కడికి చేర్చడానికి తెడ్డు పడవలు, ఒడ్డు చుట్టూ ఆరు కిలోమీటర్ల నడక. ఒక పూట చాలు. అక్కడికి అరగంట దూరంలోని బోహిన్య్ సరస్సు దగ్గర మాత్రం రెండు రాత్రులు ఉండండి. పరిమాణంలో పెద్దది, హడావుడి తక్కువ, నీటి అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. మావారు ఈతకు దిగి, రెండు నిమిషాల్లో చలికి తట్టుకోలేక పైకి వచ్చేశారు.

ఈ మూడు ప్రయాణాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోడ్డు వ్‌ర్షిచ్ కనుమది. ఎత్తు 1,611 మీటర్లే, గ్రాస్‌గ్లాక్నర్ ముందు చిన్నది. యాభై మలుపులు, ప్రతిదానికీ నంబరు, ఎత్తు రాసిన బోర్డు. క్రాన్యస్కా గోరా వైపు మలుపుల్లో రాళ్లు పరచి ఉంటాయి, వాన పడితే జారతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా యుద్ధఖైదీల చేత ఈ దారిని వేయించారు. 1916 మార్చిలో హిమపాతం కిందపడి చనిపోయిన వారి జ్ఞాపకంగా దారి పక్కనే చిన్న చెక్క చర్చి ఉంది. కారు ఆపుకొని ఐదు నిమిషాలు పైకి నడిస్తే చేరవచ్చు. దాటిపోకండి.

2022లో, 2023లో ఆ కనుమను ఎక్కిందీ దింపిందీ మావారే. కనుమ దిగాక లోయలో పారే సోచా నది రంగు గురించి ఇంటికొచ్చాక నేను ఎవరికి చెప్పినా ఆయన మౌనంగా వినేవారు. 2025లో నేనూ పర్మిట్ తీసుకున్నాను, అదనపు డ్రైవరు రుసుము రోజుకింత అని చెల్లించాము. పైకి ఆయన నడిపారు. కనుమ మీద సీట్లు మారి, ట్రెంటా లోయ వైపు ఇరవై ఆరు మలుపులూ నేను దింపాను. లోయలోకి చేరాక రోడ్డు నది పక్కనే సాగుతుంది. పాలు కలిపిన పచ్చ రత్నంలా ఉండే ఆ నీటిని కిటికీలోంచి చూస్తూ ఆయన, “ఇదంతా ఇక్కడే ఉందా? రెండుసార్లు వచ్చానే!” అన్నారు. అప్పుడు తెలిసింది, ఆల్ప్స్ రోడ్ల మీద చూపంతా పక్క సీటుకే దక్కుతుందని. నడిపేవారికి తరువాతి మలుపు, ఎదురొచ్చే బస్సు, గుంపుగా వచ్చే మోటారు సైకిళ్లు తప్ప మరేమీ కనబడవు. కాబట్టి ఇద్దరికీ డ్రైవింగు వచ్చిన జంట ఇద్దరి పేరా పర్మిట్లు తీసుకోవాలి. అదనపు డ్రైవరు రుసుము ఎంతైనా దాన్ని మిగిల్చుకోవద్దు. ఒక్కరికే వచ్చినప్పుడు రోజుకు రెండు గంటలకు మించి నడపని విధంగా బసలు ఎంచుకోవాలి.

సోచా లోయలోని బోవెట్స్ ఊరి నుంచి ప్రెడెల్ కనుమ దాటితే ఇటలీ. డోలమైట్స్‌లో టోబ్లాఖ్ అనే ఊళ్లో దిగాము. అక్కడి బోర్డులన్నీ ఇటాలియన్, జర్మన్ రెండు భాషల్లో ఉంటాయి. గార్డేనా లోయకు వెళ్తే లాడిన్ కూడా తోడై మూడవుతాయి. 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కొండలు సాయంకాలపు ఎండలో గులాబి రంగుకు మారుతాయి. ఆ రంగుకు లాడిన్ భాషలో ప్రత్యేకంగా ఎన్రోసాదిరా అన్న మాటే ఉంది. అయితే ఇక్కడ కారు స్వేచ్ఛ ఏటేటా కుంచించుకుపోతోంది. బ్రాయెస్ సరస్సుకు వేసవి రద్దీ రోజుల్లో, సెప్టెంబరు మొదటి రోజుల దాకా, పగటివేళ ముందుగా బుక్ చేసుకోనిదే కారును లోయలోకి రానివ్వరు. త్రే చిమె శిఖరాల కిందికి వెళ్లే టోల్ రోడ్డుకు 2025 నుంచి ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి చేశారు. ఈ కట్టడి నాకు సమంజసంగానే తోచింది. 2022లో ఆ గేటు ముందు గంటన్నర వరుసలో నిలబడ్డాము. 2025లో మా వేళకు వెళ్లి నేరుగా పైకి చేరాము. సెల్లా కొండ చుట్టూ ఉన్న గార్డేనా, సెల్లా, పోర్దోయి, కాంపొలాంగొ కనుమల చుట్టు దారి ఒక రోజులో సరిపోతుంది. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, సైకిళ్లూ మోటారు సైకిళ్లూ నిండి ఉంటాయి.

ఇటలీ పట్టణాల్లో తెలియకపోతే నష్టపోయే విషయం జెడ్.టి.ఎల్. అనే నియమిత ప్రాంతం. పాత ఊరి నడిమధ్యకు స్థానికుల బండ్లు తప్ప వెళ్లకూడదు. ఎర్ర వలయమున్న తెల్ల బోర్డు, పక్కనే కెమెరా తప్ప గేటు గానీ మనిషి గానీ ఉండరు. 2022లో ఒక పట్టణంలో ఫోను దారి చూపిన ప్రకారం లోపలికి వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చాము. ఆరు నెలల తరువాత హైదరాబాదు ఇంటికి జరిమానా చేరింది. అంతకుముందే అద్దె సంస్థ మా వివరాలు అక్కడివారికి అందించినందుకు వేరే రుసుము కార్డు నుంచి తీసుకుంది. అప్పటినుంచి ఏ ఊళ్లోనైనా బస బుక్ చేసే ముందే ఆ ఇల్లు ఆ హద్దు బయట ఉందా అని అడుగుతున్నాము. బోల్జానోలో అలాగే బయట కారు ఉంచి, 1991లో మంచులో దొరికిన 5,300 ఏళ్ల నాటి ఓట్జి మనిషిని మ్యూజియంలో చూసి నడిచి వచ్చాము. పెట్రోలు బంకుల్లో బెన్జీనా అంటే పెట్రోలు, గాసోలియో అంటే డీజిలు. మనమే పట్టుకునే వరుసకూ, మనిషి వచ్చి పట్టే వరుసకూ లీటరు ధర వేరుగా ఉంటుంది, చూసి నిలపండి.

గార్దా సరస్సు దగ్గర మాకు కారు వల్ల సుఖం కన్నా అలసటే ఎక్కువైంది. 1931లో తెరిచిన పడమటి ఒడ్డు రోడ్డులో సొరంగాల తరువాత సొరంగాలు, వాటి మధ్య కిటికీల్లా నీలి నీరు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆగడానికి చోటు దొరకదు. మూడోసారి కారు రెండు రోజులు ఇంటి ముందే వదిలి పడవల్లో మాల్చేసినె, లిమోనె తిరిగాము.

తిండి విషయంలో వంటగది ఉన్న ఇళ్లనే తీసుకున్నాము. ఎలక్ట్రిక్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి వెంట ఉన్నందువల్ల పొద్దున అన్నం వండి డబ్బాలో పెట్టుకుని, కనుమల మీద బల్లల దగ్గర కూర్చుని తిన్నాము. జర్మనీలో, ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. శనివారమే పాలు, పెరుగు, కూరలు కొనిపెట్టుకోవాలి.

అద్దె సంస్థ మీద నా ఫిర్యాదు ఒకటుంది. 2023లో అప్పగించిన మూడు వారాలకు, వెనుక బంపరు మీద మేము తీసుకోకముందే ఉన్న గీతకు మా డిపాజిట్ నుంచి మినహాయించారు. తీసుకునేటప్పుడు చీకటి గరాజులో తొందరగా సంతకం పెట్టాము, ఫొటోలు లేవు. మూడు నెలలు ఉత్తరాలు రాస్తే సగం తిరిగొచ్చింది. 2025లో బండిని వెలుతురులోకి తెచ్చి, చుట్టూ వీడియో తీసి, కనబడిన ప్రతి గీతనూ కాగితం మీద రాయించుకున్నాకే కదిలాము. ఎక్సెస్ (నష్టంలో మనం భరించవలసిన వాటా) లేని బీమా ఖరీదెక్కువైనా అదే తీసుకున్నాము.

పద్నాలుగు రోజులకు తక్కువ సెలవు ఉంటే ఈ చుట్టు మొత్తం పెట్టుకోవద్దనే చెబుతాను. పది రోజులే ఉంటే సాల్జ్‌బర్గ్‌కు రైల్లో వెళ్లి, అక్కడ కారు తీసుకుని, గ్రాస్‌గ్లాక్నర్, బోహిన్య్, వ్‌ర్షిచ్ చూసి వెనక్కి రండి. డోలమైట్స్ మరో ఏటికి ఉంచుకోండి. మేమైతే ఈసారి గార్దా మానేసి ఆ నాలుగు రాత్రులూ బోవెట్స్‌లో సోచా ఒడ్డున గడపాలనుకుంటున్నాము. కనుమకు ఆ వైపు నుంచి ఎక్కేటప్పుడు నేను నడుపుతాను, దిగేటప్పుడు ఆయన.