ఇసుక మూటకు పూర్తి మార్కులు, కషాయానికి సగం

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) వచ్చి 9 ఏళ్లు. వారానికి ఒక్కసారి ఆ దాడిని అణిచే ఇంగ్లీషు మందు మెథోట్రెక్సేట్ వేసుకుంటాను, దానికి తోడు ఆరేళ్లుగా ఆయుర్వేదం. నయమైందా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నా, లేదు.

మొదటి రోజే ఆయుర్వేద డాక్టరమ్మ నూనె మర్దన వద్దన్నారు. కీళ్లనొప్పి అనగానే నూనె సీసా వెతికే ఇంట్లో పెరిగిన నాకు వింతగా అనిపించింది. ఇది ఆమవాతమట. అరగని 'ఆమం' కీళ్లలో చేరినప్పుడు నూనె పనికిరాదు, పొడి కాపడమే పెట్టాలని ఆవిడ లెక్క. రోగాల గుర్తింపు గురించిన పాత ఆయుర్వేద గ్రంథం మాధవనిదానంలో దీనికి విడిగా ఒక అధ్యాయమే ఉందని చెప్పారు.

ఇసుక జల్లించి, కడిగి ఎండబెట్టి, ఇనుప మూకుట్లో వేయించి పాత పంచె గుడ్డలో రెండు మూటలు కట్టుకుంటాను. ఒకటి పెడుతుంటే రెండోది పెనం మీద వేడెక్కుతుంటుంది. ఓసారి వేడి చూసుకోకుండా ఆనించి మణికట్టు మీద బొబ్బ తెచ్చుకున్నాను. పావుగంటకి వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. పొద్దున గంటన్నర ఉండే బిగుతు ముప్పావు గంటకు దిగింది. పాల ప్యాకెట్ మూలని పళ్లతో కొరికే అవస్థ తప్పింది. కీలు ఎర్రగా కాలిపోతున్న రోజు మాత్రం మూట జోలికి పోను.

రాత్రిళ్లు శొంఠి కషాయంలో చెంచాడు ఆముదం తాగేదాన్ని. కడుపు తేలికపడింది, ఆకలి పుట్టింది. నొప్పి తగ్గించిందని మాత్రం చెప్పలేను. మహారాస్నాది కషాయం రెండేళ్లు ముక్కు మూసుకుని తాగాను. మానేశాక తేడా ఏమీ తెలియలేదు. సింహనాద గుగ్గులు నాకు పడలేదు, కడుపులో మంట.

మూడో ఏడాది ఎవరో చెప్పారని వేరే చోటికి వెళ్లాను. ఇంగ్లీషు మందు ఆపేయమన్నారు, పేరూ ఊరూ లేని పొట్లాలు ఇచ్చారు. పది రోజులు పెళ్లికూతురిలా తిరిగాను! అవి అయిపోగానే మోకాళ్లు, వేళ్లు పొంగిపోయాయి. స్టెరాయిడ్ కలిపి ఉంటారని నా రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) అనుమానం. పొట్లాలు పరీక్ష చేయించలేదు కాబట్టి ఖాయంగా అనను. కుడి చిటికెన వేలు అప్పుడు వంగింది, ఇప్పటికీ అలాగే ఉంది.

కోయంబత్తూరులో 43 మందితో చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. మెథోట్రెక్సేట్ వాడినవాళ్లు, ఆయుర్వేదం వాడినవాళ్లు, రెండూ వాడినవాళ్లు దాదాపు సమానంగానే మెరుగయ్యారు. ఆశ పుడుతుంది, నిజమే. కానీ 43 మందిని చూసి మాత్ర ఆపే ధైర్యం నాకు లేదు. మూడు నెలలకోసారి లివర్ పరీక్ష చేయించుకుంటాను, ఏం వాడుతున్నానో ఇద్దరు డాక్టర్లకూ చెబుతాను. కరోనా రోజుల్లో ఇంటిల్లిపాదీ తిప్పతీగ తాగుతుంటే, ఇమ్యూనిటీ పెంచేది నీకెందుకని నన్నొక్కదాన్నే ఆపారు.

ఆయుర్వేదంలో ఇప్పుడు మిగిలింది ఇసుక మూటే. మొన్న ఇసుక కోసం పక్కవీధిలో ఇల్లు కడుతున్న చోటికి డబ్బా పట్టుకెళ్తే, మేస్త్రీ "ఇంతేనా అమ్మా, ఏం కడతారు దీంతో?" అన్నాడు.